సామాన్యపు మార్కులు - న్యాయవాద వృత్తి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము తలుపులు ఇరువదియైదు సంవత్సరములపాటు ప్రతిదినము తెరువబడుట చిన్న విషయము కాదు. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశము నిచ్చిన పెద్దలకు వందనములు. ఇక్కడికి వచ్చి చదువుకొను యువతీయువకులకు ఉపయోగపడు విషయము నొకదానిని తీసికొనుచున్నాను. పరీక్షలలో సామాన్యపు మార్కులు మాత్రమే వచ్చినవారు న్యాయవాదులు కాగలరా? ఇది ప్రశ్న.

మన పల్లెలనుండి ఏటేట ఎందరో పిల్లలు మల్కాజిగిరి దాటి తార్నాక చేరుచున్నారు. గదులు అద్దెకు తీసికొని, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున చెట్ల నీడలను పుస్తకములు పట్టుకొని కూర్చుండుచున్నారు. వీరిలో నూటికి ఎనుబది, తొంబది మార్కులు వచ్చినవారు కొందరే. తక్కినవారు యాబదికి అటునిటుగా ఉన్నవారు. "నాకు ఆ చదువు ఎక్కడిది?" యని వారు ముందే వెనుకకు తగ్గుచున్నారు. ఆ తగ్గుటకు కారణమున్నదా యని విచారింతము.

ముందు ఒక మాటను తేటపరుపవలెను. ఇంగ్లండు దేశమున కాగితములు సిద్ధపరచి కక్షిదారునకు సలహా చెప్పువాడు సొలిసిటరు. కోర్టున వాదించువాడు బారిష్టరు. మన దేశమునను కలకత్తా, బొంబాయి వంటి నగరములలో ఇట్టి భేదము కొంతకాలము నడచినది. 1961 నాటి అడ్వకేట్ల చట్టమును 1976లో సవరించిన పిమ్మట అది తొలగిపోయినది. నేడు అడ్వకేటుగా నమోదైనవాడు రెండు పనులును చేయవచ్చును.

ఇక మార్కుల సంగతి. మూడేండ్ల న్యాయశాస్త్ర విద్యకు పట్టపరీక్షలో నూటికి 45, ఐదేండ్ల విద్యకు ఇంటర్మీడియట్‌లో నూటికి 45 ఉన్నచో చాలును. వెనుకబడిన తరగతులవారికి 42, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40. తరువాత ప్రవేశపరీక్ష, లాసెట్. ఇందు 120 ప్రశ్నలు, 90 నిమిషముల కాలము. సామాన్య జ్ఞానమునకు 30, వర్తమాన విషయములకు 30, న్యాయవిద్యాభిరుచికి 60. తప్పు జవాబునకు మార్కు తగ్గింపరు. ప్రశ్నలు తెలుగులోను ఉండును. 120కి 42 వచ్చినవాడు అర్హుడు. షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆ కనీసము కూడ లేదు. కాని అర్హత వేరు, మంచి కళాశాలలో చోటు వేరు. ఆ చోటు ర్యాంకునుబట్టి వచ్చును. పాత మార్కులను మార్చుకొనలేము. ర్యాంకు మన చేతిలోనిది. ప్రతిదినము వార్తాపత్రికను శ్రద్ధగా చదువువానికి 120లో 30 ప్రశ్నలు పరిచయమైనవే యగును. ఆ పత్రిక ఈ గ్రంథాలయపు బల్లమీదనే ఉన్నది.

చదువు ముగిసిన పిమ్మట నమోదు. దీనికై పలు రాష్ట్రములలో వేలకొలది రూపాయలు వసూలు చేయుచుండగా, చట్టములో నిర్ణయించిన 750 రూపాయలకు మించి తీసికొనరాదనియు, షెడ్యూల్డు కులములు, తెగలవారివద్ద 125 రూపాయలే తీసికొనవలెననియు సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పినది. అటుపై అఖిలభారత బార్ పరీక్ష. దానిని వ్యాఖ్యానములు లేని చట్టపు మూలగ్రంథములను ముందుంచుకొనియే వ్రాయవచ్చును. కాబట్టి కంఠస్థము చేసినవానికంటె ఏ విషయము ఏ ప్రకరణమున ఉన్నదో ఎరిగినవానికి అందు సులువు.

పూర్వోదాహరణ కావలెనన్నచో దూరము పోనక్కరలేదు. 1872లో జన్మించిన టంగుటూరి ప్రకాశముగారికి బాల్యముననే తండ్రి గతించినాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి పెంచినారు. ఆయన మెట్రిక్యులేషనులో ఒకమారు తప్పినారు. అయినను పట్టువిడువక సెకండ్ గ్రేడు ప్లీడరై రాజమహేంద్రవరమున పేరు గడించినారు. ఆ తరగతి ప్లీడరునకు హైకోర్టులో వాదించు అర్హత లేదు. ఆ కొరతను తీర్చుకొనుటకు ఇంగ్లండు వెళ్లి, బారిష్టరై 1907లో తిరిగివచ్చి మద్రాసున వృత్తి సాగించినారు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి యైనారు. తప్పిన పరీక్ష ఆయన దారిని పొడిగించినది గాని మూసివేయలేదు.

అట్లని మార్కులతో పనియే లేదని చెప్పుట మోసమగును. పెద్ద నగరములలోని గొప్ప న్యాయసంస్థలు కళాశాల పేరును, మార్కులను చూచియే పిలుచును. జిల్లా కోర్టున సీనియరు వద్ద చేరినవానికి తొలి యేండ్లలో రాబడి స్వల్పము. జూనియర్లకు నెలకు పట్టణములలో 20,000, గ్రామప్రాంతములలో 15,000 రూపాయలకు తక్కువగాకుండ ఇయ్యవలెనని భారత బార్ కౌన్సిలు 2024లో చెప్పినది గాని, అది సిఫార్సు మాత్రమే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు పోవలెనన్నను మూడేండ్ల వృత్తి అనుభవము ఉండవలెనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున చదువునకు పిమ్మట రెండు మూడేండ్లు ఇంటివారు ఓర్చుకొనవలసి యుండును. తల్లిదండ్రులు ఈ లెక్కను ముందే వేసికొనవలెను. ఎకరము అమ్మిన తరువాత వేసికొను లెక్క లెక్క కాదు.

మరి సామాన్యపు మార్కుల విద్యార్థికి బలమెక్కడిది? నా అభిప్రాయమున అది అతని ఊరిలోనే యున్నది. మన జిల్లాలలో సివిలు వ్యాజ్యములనగా ముఖ్యముగ భూమి తగాదాలు. పహాణీ యననేమి, పట్టాదారు పేరు ఒకటియు అనుభవదారు పేరు వేరొకటియు ఏల ఉండును, 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పేరున్నచో దాని విలువయెంత, 1950 నాటి కౌలుదారీ చట్టమువలన రక్షిత కౌలుదారునకు వచ్చిన హక్కేమి - ఈ మాటలు నగరమున పెరిగిన మొదటి ర్యాంకు విద్యార్థికి కొత్త. పల్లెబిడ్డకు ఇవి అరుగుమీద వినిన మాటలు. 2025లో భూభారతి చట్టము వచ్చిన పిమ్మట ఈ తెలివికి అవసరము మరింత పెరిగినది. అట్లే 2024 జూలై 1 నుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. నేర విచారణ, సాక్ష్య చట్టములును మారినవి. 511 ప్రకరణముల పాత గ్రంథమునకు బదులు 358 ప్రకరణముల కొత్త గ్రంథము. ఈ ప్రకరణముల అంకెలకు సంబంధించినంతవరకు నలువదేండ్ల అనుభవమున్న సీనియరును, నిన్న చేరిన జూనియరును ఒకే బల్లమీద కూర్చున్నారు.

చేయవలసినవి నాలుగు పనులు చెప్పెదను. మొదటిది, భాష. కక్షిదారుని గోడు తెలుగులో విని, దానిని తప్పులేని ఆంగ్లమున ఒక పుటలో వ్రాయగలుగవలెను. దినమునకొక పుట వ్రాసినవానికి మూడేండ్లలో ఈ శక్తి అలవడును. రెండవది, హాజరు. న్యాయవిద్యను దూరవిద్యగా చదివిన పట్టము చెల్లదు. నూటికి 70 తరగతులకైనను పోవలెను. మూడవది, అభ్యాసము. మూడేండ్ల విద్యార్థి 12 వారములు, ఐదేండ్ల విద్యార్థి 20 వారములు న్యాయవాదుల వద్దనో, కోర్టులలోనో, న్యాయసేవా సంస్థలలోనో పనిచేయవలెనని నియమము. దీనిని సంతకము కొరకు కాక పని కొరకు చేసినచో, సీనియరు ఆ పిల్లవానిని గుర్తుంచుకొనును. నాలుగవది, నిజాయితీ. వాయిదా తేదీ మరువని, కక్షిదారుని సొమ్మునకు రసీదు ఇచ్చు, గెలువని దావాను గెలుతుమని చెప్పని ప్లీడరును మార్కుల పట్టిక చూపుమని ఎవ్వరును అడుగరు.

ఇంగ్లండునందును దారి కొంత మారినది. 2021 నుండి అక్కడ సొలిసిటరగుటకు అందరికిని ఒకే అర్హతాపరీక్ష నెలకొల్పినారు. పట్టము, ఆ పరీక్ష, రెండేండ్ల పని అనుభవము, సత్ప్రవర్తన - ఇవి వారు కోరునవి. పట్టము ఏ శ్రేణిలో వచ్చినదను నియమము అందు లేదు. ఉద్యోగమిచ్చు సంస్థలు శ్రేణి నడుగవచ్చును గాని, వృత్తిద్వారము దానిచే మూయబడలేదు.

చివరగా కార్యవర్గమువారికి ఒక మనవి. ఈ రజతోత్సవ జ్ఞాపకముగా ఒక బీరువాలో ఒక అర న్యాయశాస్త్రమునకు కేటాయింపుడు. తెలుగులోని భారత రాజ్యాంగము, మూడు కొత్త నేరచట్టముల మూలగ్రంథములు, భూభారతి చట్టము, ఒక న్యాయపద నిఘంటువు, పాత లాసెట్ ప్రశ్నపత్రములు - ఇవి యున్నచో చాలును. చదువుకొను పిల్లలకే కాదు, దస్తావేజుమీద వ్రేలిముద్ర వేయబోవు రైతునకును అవి అక్కరకు వచ్చును. ఈ ఊరినుండి వెళ్లిన బిడ్డ యొకరు నల్లకోటు ధరించి, ఈ ఊరి వితంతువు తరఫున ఉచితముగ ఒక అర్జీ వ్రాసిపెట్టిననాడు, ఈ గ్రంథాలయమునకు మనమిచ్చిన చందా వడ్డీతో తిరిగివచ్చినట్లే.