వెలుతురు వెల



వంటింటి పని ఒక కొలిక్కి వచ్చి కాస్త నడుము వాల్చే వేళకు ఈ కెమెరా గొడవ ఏమిటని విసుక్కోకండి. ఇది కెమెరా కబురే గాని, నా చేతి గాజులదాకా వచ్చిన కబురు. రేపు మీ గడపలోకీ రావచ్చు.

మాది నిజాంసాగర్. మంజీర మీద కట్టిన పాత ప్రాజెక్టు వున్న వూరు. బాన్సువాడ మాకు దగ్గరి పట్నం. మా చిన్నమ్మ కొడుకు అక్కడ చిన్న ఫొటో స్టూడియో నడుపుతాడు. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు, వాటిమీదే అతని బతుకు. క్రిందటేడు పెళ్ళిళ్ళ రోజులు మొదలయ్యే ముందు ఒకనాడు వచ్చాడు. చాయ తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడే గాని లేవడు. ఏదో అడగడానికే వచ్చాడని నాకు తెలిసిపోయింది.

"అక్కా, నీ నాలుగు తులాల గాజులు ఆర్నెల్లకు ఇస్తవా? బ్యాంకుల పెట్టి లెన్సు కొంట" అన్నాడు.

"ఎంతరా అది?"

"రెండు లక్షల దాకా అయితది."

"కెమెరాతో కలిపా?"

"కాదక్కా. కెమెరా నా దగ్గర వున్నదే. ఒట్టి లెన్సుకే."

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని. ఒట్టి అద్దానికి రెండు లక్షలా అని నోటిదాకా వచ్చింది. కాని మనకు తెలియని దాన్ని కాదనడం ఎంత తేలికో, తెలియకుండా అవుననడం అంత ప్రమాదం. "ముందు నాకు తెలిసేటట్టు చెప్పు, తరవాత గాజుల సంగతి" అన్నాను. అతను చెప్పినదీ, ఆ తరవాత నేను నలుగురినీ అడిగి, చదివి తెలుసుకున్నదీ మీకు చెబుతాను.

మా ప్రాజెక్టును పెట్టుకుని చెబితే తేలిగ్గా తెలుస్తుంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన కట్ట ఇది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి ఇంజనీరింగు. కాలువ తూము కొద్దిగా తెరిస్తే చేను తడవడానికి రాత్రంతా పడుతుంది. బాగా తెరిస్తే త్వరగా తడుస్తుంది. లెన్సులోనూ అలాంటి తూము ఒకటి వుంది. అందులోంచి వెలుతురు లోపలికి పారుతుంది. కన్నం పెద్దదైతే రెప్పపాటుకంటే తక్కువలో బొమ్మ పడుతుంది. చిన్నదైతే ఎక్కువసేపు తెరిచి వుంచాలి. ఆలోగా పసివాడు తల తిప్పాడా, మొహం చెదిరిపోయినట్టే. అందుకే పెద్ద కన్నం వున్నదాన్ని 'ఫాస్ట్ లెన్సు' అంటారు.

దానికొక అంకె వుంటుంది. ఎఫ్ 1.8 అనీ, ఎఫ్ 1.2 అనీ. తమాషా ఏమిటంటే, అంకె చిన్నదైనకొద్దీ కన్నం పెద్దదన్నమాట. 50 మిల్లీమీటర్ల లెన్సు అంటారే, ఆ 50ని కన్నం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. వెడల్పు 28 మిల్లీమీటర్లయితే 1.8. అదే 42 అయితే 1.2. మావాడు అడిగింది ఈ 1.2 లెన్సునే.

ఈ వెలుతురు ఆకలి ఇవాళ్టిది కాదు. ఫొటో పుట్టిన కొత్తలో మనిషి మొహం తీయించుకోవాలంటే నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే లెక్కల ప్రొఫెసరు అంతకుముందున్న వాటికంటే ఎన్నో రెట్లు వెలుతురు పట్టే లెన్సుకు లెక్క కట్టాడు. నిమిషాల పని సెకన్లలోకి దిగింది. మామూలు మనుషుల మొహాలు ఫొటోల్లోకి రావడానికి అదొక పెద్ద మలుపు. మన హైదరాబాదు సంగతే చూడండి. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం వేరుగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫొటోలు తీసే బాధ్యత మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆవిడది. ఇల్లు కదలని స్త్రీలు కూడా తమ మొహం తమ వాళ్ళకు మిగలాలని కోరుకున్నారంటే, ఫొటో మీద మనకున్న మమకారం ఎంత పాతదో తెలుస్తుంది గదా!

ఆ తరవాత వంద సంవత్సరాలకు పైగా కన్నం పెంచుకుంటూనే పోయారు. 1961లో జపానులో కెనన్ వాళ్ళు ఎఫ్ 0.95 లెన్సు తెచ్చారు. 1966లో జర్మనీలో లైకా వాళ్ళు రాత్రి వెలుతురుకని 'నోక్టిలక్స్' తెచ్చారు. చంద్రుణ్ణి ఫొటోలు తీసే పనికోసం అమెరికా అంతరిక్ష సంస్థకు జైస్ కంపెనీ చేసిన ఎఫ్ 0.7 లెన్సులను స్టాన్లీ కూబ్రిక్ అనే సినిమా దర్శకుడు సంపాదించి, 1975లో వచ్చిన 'బారీ లిండన్'లో కొన్ని సీన్లు ఒట్టి కొవ్వొత్తుల వెలుతురులో తీశాడు. అయితే నటులు కొద్దిగా ముందుకు వంగినా మొహం మసకబారేది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక ధర ఎందుకంత? మనకు తెలిసిన జొన్నరొట్టెనే తీసుకోండి. చిన్న రొట్టె ఎవరైనా చేస్తారు. పెద్ద రొట్టె చేస్తే నడుమ బాగానే వుంటుంది, అంచులు పగులుతాయి. నడుమా అంచూ ఒక్కతీరుగా రావాలంటే చెయ్యి తిరిగినావిడ కావాలి. అద్దమూ అంతే. పెద్ద అద్దంలో నడుమనుంచి వచ్చే వెలుతురు ఒకచోట చేరితే, అంచులనుంచి వచ్చేది ఇంకోచోట చేరుతుంది. దాన్ని దారిలో పెట్టడానికి ఒకదాని వెనక ఒకటి అద్దాలు పేర్చాలి. 2019లో నికాన్ వాళ్ళు తెచ్చిన ఎఫ్ 0.95 లెన్సులో 17 అద్దాలున్నాయి. బరువు 2 కిలోలు, విడుదలైననాటి ధర 7,999 డాలర్లు. అంత పోసి కొన్నా ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవలసిందే.

మావాడు అడిగినదాని సంగతి విడిగా లెక్క వేశాను. కెనన్ కంపెనీవి రెండు 50 మిల్లీమీటర్ల లెన్సులున్నాయి. 2018లో వచ్చిన 1.2 లెన్సు 950 గ్రాములు, 2,299 డాలర్లు. 2020లో వచ్చిన 1.8 లెన్సు 160 గ్రాములు, 199 డాలర్లు. అవి అమెరికాలో విడుదలైననాటి ధరలు. పెద్దదానిలో వెలుతురు రెండుంపావు రెట్లు ఎక్కువ. బరువు ఆరు రెట్లు. ధర పదకొండున్నర రెట్లు! చీరల దుకాణంలో ఇలాంటి బేరం వస్తే మనం ఒకటికి పదిసార్లు తిరగేసి చూడమూ?

పైగా నేటి కెమెరాలు చీకట్లోనూ చూడగలవు. ఐఎస్ఓ అనే అంకె ఒకటుంది. దాన్ని 1600 నుంచి 3200కు, ఇంకాస్త పైకి జరిపితే ఈ రెండుంపావు రెట్ల తేడా సరి. ఫిల్ము రోజుల్లో అలా చేస్తే బొమ్మమీద ఇసక చల్లినట్టు గింజ కనిపించేది. ఇప్పుడు చాలా తక్కువ. మరి రెండు లక్షలు దేనికి? అదే అడిగాను.

మావాడు జవాబు చెప్పలేదు. ఆ వారమే హైదరాబాదునుంచి ఆ లెన్సును ఒక్కరోజుకు అద్దెకు తెచ్చి, మమ్మల్ని సాయంత్రం కట్టమీదికి తీసుకుపోయాడు. మా అమ్మాయిని నిలబెట్టి ఒక ఫొటో తీసి చూపించాడు. నిజం చెప్పాలి గదా, నా నోట మాట రాలేదు. పిల్ల మొహం ఒక్కటే తేటగా వుంది. వెనక నీళ్ళు, గట్టు, దూరంగా వెలిగిన దీపాలు, అన్నీ వెన్నలా కరిగిపోయి, ఒక్కొక్క దీపం గుండ్రటి బత్తాయి అయింది. రోజూ చూసే పిల్లే, నా కళ్ళకు కొత్తగా కనిపించింది. ఆ లెన్సు మీద మోజు ఎందుకో అప్పుడర్థమైంది. మోజు పడ్డవాళ్ళను వెర్రివాళ్ళనడానికి లేదు.

"ఇదక్కా సంగతి. ఇప్పటి పెళ్ళికూతుళ్ళు ఇదే అడుగుతున్నరు" అన్నాడు.

అప్పుడు ఇంటికి వచ్చి బీరువాలోంచి ఒక ఆల్బమ్ తీశాను. నాలుగేళ్ళ కిందటి మా అక్క కూతురి పెళ్ళిది. వేరే వూరి ఫొటోగ్రాఫరు తీశాడు. అప్పగింతల పేజీ తెరిచి చేతికిచ్చాను. పెళ్ళికూతురి చెంపమీద కన్నీటి చుక్క కూడా లెక్కపెట్టవచ్చు, అంత తేటగా వుంది. మావాడు మెచ్చుకుంటూ చూశాడు. "మస్తుగ తీసిండక్కా. ఇది గసుంటి లెన్సుతోనే తీసిండు" అన్నాడు.

"వెనక ఆ ఆకుపచ్చ రంగు ఏమిట్రా?" అన్నాను.

"ఎవరో వున్నరు. చుట్టాలు కావచ్చు."

"మీ పెద్దమ్మ."

అతను ఇంక మాట్లాడలేదు. ఆ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. చూస్తే ఏముంది, ఆకుపచ్చ చీర ఒక మరక, తల వుండవలసిన చోట తెల్లటి చుక్క. ఆరోజు మా అమ్మ వంటల దగ్గరా, వచ్చిన చుట్టాల దగ్గరా తిరుగుతూ ఏ ఫొటోకూ నిలబడలేదు. అప్పగింతలప్పుడు మాత్రం మనవరాలికి నాలుగడుగుల వెనక, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది. ఎనిమిది నెలలకు పోయింది. దండ వేసే ఫొటోకోసం వెతికితే ఆ పెళ్ళిలో అమ్మ వున్నది అదొక్కటే. కంప్యూటరుతో సరిచేస్తామంటే ఇచ్చి చూశాము. ఎవరో ముసలావిడ మొహం వచ్చింది. మా అమ్మది కాదు.

ఆ ఫొటోగ్రాఫరును నేను తప్పు పట్టను. పిల్లను అందంగా తీయమన్నాము, తీశాడు. కాని లెన్సు గుణం అది. కన్నం పూర్తిగా తెరిచి, మీటరు దూరంలోంచి మొహం తీస్తే తేటగా పడేది మూడు సెంటీమీటర్ల మందం లోపలే. రెండు వేళ్ళ వెడల్పు అనుకోండి. కన్ను తేటగా వుంటే చెవి మసక. ఇక వెనకవాళ్ళ సంగతి అడగాలా? అదే లెన్సు కన్నం తగ్గించి ఎఫ్ 8 దగ్గర పెడితే, మరి రెండడుగులు వెనక్కి జరిగితే, వరసగా నిలబడిన కుటుంబమంతా తేటగా వస్తుంది. ఆ పని 199 డాలర్ల లెన్సు కూడా చక్కగా చేస్తుంది. తేటగా వచ్చినదాన్ని తరవాత మసక చేసుకోవచ్చు, ఇప్పుడు ఫోన్లే చేస్తున్నాయి. మసకలో పోయినదాన్ని వెనక్కి తేలేము.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని నోటుబుక్కులో లెక్క రాశాము. చిన్న లెన్సు సొంతానికి కొనాలి. పెద్దది, అడిగిన పెళ్ళికి మాత్రం అద్దెకు తేవాలి. అద్దె ఎన్ని రోజులైందో, ఆ ఫొటోలకు ఇచ్చినవాళ్ళు ఎంత ఎక్కువ ఇచ్చారో రాసుకోవాలి. ఏడాది తిరిగేసరికి అద్దె మీద పోసింది కొన్న ధరకు దగ్గరపడితే, గాజులు అడగకుండానే తీసి ఇస్తానన్నాను. మాటకు కట్టుబడే వున్నాను. ఫ్లాష్ వెయ్యనివ్వని గుడిలోనో, నాట్యం జరిగే వేదిక దగ్గరో రోజూ పని వుండేవారికి ఆ లెన్సు కూడు పెట్టే పనిముట్టే. నెలకు నాలుగు పెళ్ళిళ్ళు తీసేవాడికి అది అప్పు. మావాడి నోటుబుక్కు ఇంకా సగంలో వుంది. గాజులు నా చేతికే వున్నాయి.

మొన్న దసరాకు అందరం కలిసినప్పుడు మావాడు మమ్మల్ని కట్టమీద వరసగా నిలబెట్టాడు. వంటకు కూర్చున్న చిన్నమ్మను లేపుకొచ్చి నడుమ నిలబెట్టాడు. "ఎనిమిది మీద పెడుతున్న, ఎవరూ కదలకుండ్రి" అన్నాడు. ఆ ఫొటోలో దీపాలు బత్తాయిలు కాలేదు. చిన్నమ్మ చేతికంటిన పిండి మాత్రం కనిపిస్తోంది.

సోదరీమణులారా, మీ ఇంట్లో శుభకార్యం వస్తే పెళ్ళికూతురి అందమైన మసక ఫొటోలు తీయించుకోండి, ముచ్చట తీర్చుకోండి. వాటితోపాటు ఫొటోగ్రాఫరును పిలిచి ఒక్క మాట చెప్పండి: "నాయనా, వెనకవాళ్ళ మొహాలు కూడా తెలిసేటట్టు కొన్ని తియ్యి." ఆ తరవాత పొయ్యి దగ్గరున్న ముసలమ్మను మీరే చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఆవిడ రానంటుంది. వినకండి.

సెలవు.