నడివయసులో ఓ పలకరింపు

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా మద్దేడ్‌లో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు హిందీ. పిల్లలు పైచదువులకు వెళ్లిపోయాక, నడివయసులో మనసు విప్పి మాట్లాడే తోడు కరువవుతుంది. ఆ తోడును ఫోన్‌లో వెతుక్కోవచ్చు, తెలుగు రాయడం రాకపోయినా ఫరవాలేదు. వాట్సాప్‌లో మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడండి. గోదావరి అవతలి చుట్టాలు తీరిక చూసుకుని వింటారు, బదులిస్తారు. రాయడం వచ్చినవారికి 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఉంది. అక్కడ కలిసి రాస్తుంటే కొత్త స్నేహాలు దొరుకుతాయి. ఒంటరితనం ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేకంగా ఓ కమిషన్‌నే వేసింది. అయితే ఆన్‌లైన్‌లో ముఖపరిచయం లేనివారు డబ్బు, ఓటీపీ అడిగితే ఇవ్వకండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఈ రోజే ఓ పాత నేస్తాన్ని పలకరించండి.