ఈ చాకు ఎవరు చేశారు?
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి వచ్చిన పిల్లలూ, మీతో ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడతాను.

మన ఎరుకల, యానాది, సుగాలి ఇళ్లల్లో వెతికితే అబ్బ కాలం నాటి మడత చాకు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. చాకు మాత్రం పెట్టెలో ఉండిపోయింది. దాన్ని పాత ఇనుముకు వేసే ముందు, ఎవరు చేశారో కనుక్కోండి.

మొదట, తుప్పు పోవాలని ఇటుక పొడితో తోమొద్దు. తుప్పుతో పాటు ముద్ర కూడా పోతుంది. గుడ్డకు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి తుడవండి. చాకు విప్పి, అలుగు మొదట్లో, కీలు దగ్గర చూడండి. ఫోను టార్చి పక్కనుంచి వాలుగా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా తేలతాయి. ఫోటో తీసుకోండి.

నక్షత్రం, పక్కన శిలువ కనిపిస్తే అది ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ గుర్తు. 1682 నుంచీ ఉన్నది. సోలింగెన్ అని ఉంటే జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు. వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949కి, 1990కి మధ్య చేసిందని లెక్క. మన దేశంలో రాంపూర్ చాకులకు పేరు. అయితే ముద్ర కనిపించగానే నమ్మేయకండి. రాడ్జర్స్ గుర్తుకు నకళ్లు చాలా వచ్చాయి. అలుగు, స్ప్రింగు, రివిట్లు, పిడి అన్నీ ఒకే పనితనంతో ఉన్నాయా, మధ్యలో ఎవరైనా మార్చారా చూడండి. పిడి దుప్పి కొమ్ముదైతే అమ్మకానికి పెట్టొద్దు, చట్టం ఒప్పుకోదు.

ఏ ముద్రా లేకపోతే? అప్పుడే అసలు పని మొదలవుతుంది. ఊరి కొలిమిలో కమ్మరి చేసిన చాకు మీద పేరు ఉండదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయి కత్తులైంది. కొలిమి దగ్గర చెమటోడ్చినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు. పేరు లేని చాకుకు ముద్ర ఇంట్లో పెద్దల జ్ఞాపకమే. ఏ ఊరి కమ్మరి చేశాడు? డబ్బిచ్చారా, గింజలిచ్చారా? లారీ కమాను పట్టీ సాగగొట్టి చేశారా? పిడి ఎవరు మార్చారు? జేజిని, అబ్బను అడగండి. వాళ్ల మాట ఫోనులో రికార్డు చేయండి.

ఇది ఎందుకంటే, 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. మన కడప అప్పుడు అందులోనే ఉండేది. ఎరుకలవాళ్లను, ఇంకా ఎన్నో కులాలను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. ఆ చట్టం దేశమంతా పూర్తిగా పోయింది 1952లో. ఆ రోజుల్లో మనవాడి చేతిలో చాకు కనిపిస్తే, "ఇది నీ దగ్గర ఎందుకుంది?" అనేవాళ్లు. "ఎంత బాగుంది, ఎవరు చేశారు?" అని అడిగినవాళ్లు తక్కువ. ఆ రెండో ప్రశ్న మనమన్నా అడగాలి కదా.

చాకును జేబులో వేసుకుని సభకు తేవొద్దు. ఇంట్లోనే భద్రంగా ఉంచండి. ఫోటో, అలుగు కొలత, పెద్దల మాట, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. చెప్పగలిగిన పెద్దలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

సెలవు.