సైకిల్ పంక్చర్: ముందు ముల్లును వెతకండి
(ఉప్పుగూడలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, నేను కమ్యుటేషన్ గురించో, డి.ఏ. బకాయిల గురించో చెబుతానని వారు అనుకున్నారు. సైకిల్ పంక్చర్ల గురించి మాట్లాడతానంటే కాసేపు అవతల నుంచి మాట రాలేదు. "పెన్షనర్లకు పంక్చర్లతో ఏం పనండీ?" అన్నారు చివరికి. పని ఉంది. మనలో చాలామంది సర్వీసులో సగం కాలం సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్ళాం. ఇప్పుడు మన మనవలు మళ్ళీ సైకిళ్ళు ఎక్కుతున్నారు. అవి మన సైకిళ్ళలాంటివి కావు. చక్రం వేలెడు వెడల్పు, ధర మాత్రం నా రిటైర్మెంటు నాటి నెల జీతం కన్నా ఎక్కువ.

మా అమ్మాయి కొడుకు అలాంటిదే ఒకటి కొన్నాడు. ఆదివారాలు నానక్‌రామ్‌గూడ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ట్రాక్‌కు వెళతాడు. 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల ట్రాక్ అది, పైన సోలార్ పలకల కప్పు. అక్కడ ఏ బాధా లేదు. బాధంతా మన వీధుల్లోనే. పోయిన ఏడాది ఒకే వారంలో వాడి ముందు చక్రం మూడుసార్లు పంక్చరైంది. మొదటి రెండుసార్లూ షాపులో కొత్త ట్యూబ్ వేసి పంపారు. మూడోసారి మలుపు తిరుగుతుండగా గాలి పోయి, చక్రం జారి పడ్డాడు. ఎడమ చెయ్యి విరిగింది. ఆరు వారాలు కట్టు. మా అమ్మాయి "నాన్నా, ఆ సైకిల్ ఎవరికైనా ఇచ్చేయండి, నా కళ్ళ ముందు వద్దు" అంది. తల్లి కదా, ఆమెను తప్పు పట్టలేను.

ఇచ్చేసే ముందు ఒకసారి చూద్దామని టైరు ఊడదీశాను. ట్యూబ్‌లో గాలి నింపి, పళ్ళెంలో నీళ్ళు పోసి ముంచితే బుడగలు వచ్చాయి. పాత రెండు ట్యూబులు కూడా ఇంట్లోనే ఉన్నాయి. మూడింటికీ రంధ్రం వాల్వు నుంచి ఒకే దూరంలో ఉంది. ఆ దూరం కొలిచి టైరు లోపల దూదిపింజ తిప్పితే ఒకచోట దూది పట్టుకుంది. వెంట్రుకంత సన్నని ఇనుప తీగ. లారీల, బస్సుల టైర్లు అరిగి పగిలినప్పుడు వాటి లోపలి తీగలు ఇలా తెగి రోడ్డు మీద పడతాయి. బయటి నుంచి చూస్తే కనిపించదు. రెండుసార్లు ట్యూబ్ మార్చారు, తీగను మాత్రం అలాగే ఉంచారు. అర్జీదారుకు రెండుసార్లు జవాబు రాసి, అసలు అర్జీ చదవనట్టుంది వ్యవహారం.

ఈ దూది కిటుకు నాది కాదు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ దగ్గర ఒకప్పుడు చిన్న సైకిల్ షాపు ఉండేది. దాని యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఆయన ఎన్నడూ ట్యూబ్ అతికి ఊరుకునేవాడు కాదు. "సాబ్, ముల్లు టైర్లో ఉన్నది, ట్యూబ్‌ను కొడితే ఏం లాభం?" అనేవాడు. వేలితో వెతికితే వేలు తెగుతుందని దూది వాడేవాడు. ఆయన ఇప్పుడు లేరు.

ఆయన మాట వినక నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. నలభై ఏళ్ళకు పైబడింది, ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. 1981 మార్చి 31. మా ఆఫీసులో చనిపోయిన ఒక అటెండరు భార్యకు రావలసిన జీతం బకాయి బిల్లు ఆ రోజే దాఖలు కావాలి. దాటితే బడ్జెట్ ల్యాప్స్. ఆ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. నా చేతికే ఇచ్చారు. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే వెనక టైరు మెత్తగా ఉంది. ముందురోజే ఉస్తాద్ వాల్ట్యూబ్ మార్చుకొమ్మన్నాడు, పైసల ఖర్చు. సాయంత్రం చూద్దాంలే అని ఛత్రినాక, లాల్ దర్వాజా, శాలిబండ మీదుగా ఎలాగో ఆఫీసుకు చేరాను. మధ్యాహ్నం బిల్లు పట్టుకుని నయాపూల్ దాటాక ఒక మ్యాన్‌హోల్ అంచు తగిలి దడేల్‌మంది. అంతే. సైకిల్ అక్కడే వదిలి రిక్షా ఎక్కవలసింది. పది నిమిషాల్లో అయిపోతుందనుకుని అతికించుకుంటూ నిలబడ్డాను. నేను వెళ్ళేసరికి కౌంటరు మూసేశారు.

మళ్ళీ కొత్త బడ్జెట్, మళ్ళీ మంజూరు కాగితాలు. ఆమె చేతికి డబ్బు వచ్చేసరికి జూన్ దాటింది, బళ్ళు తెరిచారు. ప్రతి నెలా వచ్చి "సారూ, మా బిల్లు ఎంతవరకొచ్చింది?" అని నన్నే అడిగేది. నా సైకిల్ సంగతి ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ రాత్రి ఉస్తాద్ ట్యూబ్ తీసి చూపించాడు. పక్కపక్కనే రెండు చీలికలు, పాము కరిచినట్టు. ముల్లూ లేదు, మేకూ లేదు. గాలి తక్కువైతే గుంత తగిలినప్పుడు టైరు పూర్తిగా నొక్కుకుపోయి, ట్యూబ్ రిమ్ముకూ రాయికీ మధ్య నలుగుతుంది. రెండు అంచులూ కోస్తాయి కాబట్టి రెండు గాట్లు. రంధ్రం చూసి కారణం చెప్పవచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఒక్క చుక్కలా ఉంటే బయటి ముల్లు. చక్రం మధ్యవైపు, అంటే రిమ్ము వైపు ఉంటే పుల్లల కొనలు గుచ్చుకున్నాయన్నమాట, రిమ్ము పట్టీ జరిగింది. వాల్వు మొదట్లో చిరిగితే పంపు వంకరగా లాగారు.

మన పాత సైకిల్ టైరు అంగుళంన్నర వెడల్పు, కాస్త మెత్తగా ఉన్నా మోసేది. ఈ కొత్త వాటివి 25 మిల్లీమీటర్లు, 28 మిల్లీమీటర్లు. అంత సన్నని దాంట్లో గాలి గట్టిగా ఉండాలి. 25 వాటికి మనిషి బరువును బట్టి 80 నుంచి 100 పౌండ్ల దాకా కొడతారు. ఎంతకు మించకూడదో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, ఆ అంకె దాటవద్దు. పంక్చర్ లేకపోయినా వారంలో గాలి కొన్ని పౌండ్లు తగ్గుతుంది, అది రబ్బరు స్వభావం. బొటనవేలితో నొక్కి చూస్తే 60కీ 90కీ తేడా తెలియదు. మీటరున్న పంపు ఇంట్లో ఉండవలసిందే. వీటి వాల్వు కూడా సన్నం, వీధి పంపు పట్టదు. చిన్న ఇత్తడి బిరడా ఒకటి అమ్ముతారు, అది సైకిల్‌తో పాటే ఉంచుకోవాలి.

ముళ్ళ సంగతికి వస్తే, తుమ్మముల్లు, పల్లేరు కాయ మనకు తెలిసినవే. పల్లేరు కాయ ఎలా పడినా ఒక కొమ్ము పైకి చూస్తుంది. ఇది మన ఖర్మ అనుకునేవాణ్ణి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన వారు మనలో ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, అక్కడి పడమటి రాష్ట్రాలకూ అదే పీడ. ఐడహో రాష్ట్రం బోయిసీ నగరంలో 2018లో దీని పేరనే సైకిల్ పండుగ మొదలుపెట్టి, జనం పల్లేరు మొక్కలు పీకి సంచులకెత్తారు. అంతకుముందే, 1961లో, దీన్ని తినే పురుగులను అక్కడ వదిలారు. ఆ పురుగుల స్వస్థలాల్లో ఇటలీతో పాటు మన దేశమూ ఉంది. ఎగుమతుల లెక్కలో దీన్ని ఎవరూ రాసినట్టు లేదు.

వానాకాలం ఇంకో తంటా. నీళ్ళు ముళ్ళనూ గాజు పెంకులనూ రోడ్డు అంచుకు చేరుస్తాయి, సైకిల్ వాడు నడిచేది ఆ అంచునే. పైగా తడి రబ్బరును గాజు సులువుగా కోస్తుంది. వాన వెలిశాక చెత్త పేరుకున్న అంచును వదిలి, వెనక వచ్చే బండి చూసుకుని కాస్త లోపలికి నడపాలి. ఇంటికి రాగానే చక్రం నెమ్మదిగా తిప్పి గుచ్చుకున్నవి తీసేయాలి. చాలా ముక్కలు మొదటి రోజే దిగవు, తిరిగి తిరిగి లోపలికి పోతాయి. పెద్ద గాటు పడితే లోపల పాత టైరు ముక్క గేటరు వేసుకోవచ్చు, అది కొత్త టైరు కొనేదాకానే. ట్యూబ్‌లో పోసే జిగురు ద్రవం చిన్న రంధ్రాలను మూస్తుంది, చీలికను మూయలేదు. అతుకు వేసేటప్పుడు సొల్యూషన్ తడి ఆరాకే పట్టీ నొక్కాలి. మన తొందరంతా అక్కడే. టైరును స్క్రూడ్రైవరుతో ఎక్కించవద్దు, కొత్త ట్యూబే చిరుగుతుంది. ముందు ట్యూబ్‌లో కొంచెం గాలి పోసి, చేత్తో ఎక్కించాలి. టైరు మీది పేరును వాల్వుకు ఎదురుగా ఉంచండి. రేపు రంధ్రం పడితే టైరులో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, ఫైలుకు నంబరు వేసినట్టు.

గాలి టైరు పుట్టిందే ఒక పిల్లవాడి కోసం. బెల్‌ఫాస్ట్‌లో డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల బండికి తయారుచేసి 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1845లోనే థామ్సన్ అనే ఆయన ఇలాంటిదే దాఖలు చేసి ఉన్నందున అది తర్వాత చెల్లలేదు. పాత ఫైలు చూడకపోతే ఇంతే.

మా మనవడి చెయ్యి అతుక్కుంది. సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. మా అమ్మాయి ఒప్పుకున్నది ఒక్క షరతు మీద: ప్రతి ఆదివారం బయలుదేరే ముందు గాలి నేను చూడాలి. చూస్తున్నాను. వాడు "తాతా, మొన్నేగా కొట్టాం" అంటాడు. మీటరు పెడితే తగ్గే ఉంటుంది.

మీటరు పంపు మా ఇంటి వసారాలోనే ఉంది, రెండు రకాల వాల్వులకూ పనికొస్తుంది. ఆదివారం పొద్దున ఏడు లోపు మీ పిల్లల సైకిళ్ళు తీసుకుని రండి. దూది కూడా ఉంది.