శేషాచలమునందలి వనక్రమము



తిరుమలకు కాలినడకను పోవువారు ఎదుటి మెట్టును చూతురు గాని ప్రక్కనున్న పొదను చూడరు. చూచినను పిచ్చిమొక్కలని తలంతురు. అడంగలులోనైనచో అట్టి నేలకు బంజరని పేరు. ఆ మాట యెంత నిజమో విచారింపవలసియున్నది.

శేషాచలము కఠినశిలామయము. వట్టి రాతిపై మొదట అంటుకొనునది రాతిపువ్వు. అది రాతిని మెల్లమెల్లగా గుల్లచేయును. పగులులో చేరిన పిడికెడు దుమ్మున పాచియు, పిదప గడ్డియు మొలచును. గడ్డి కుళ్ళి మన్నగును. ఆ మంటిలో బందారు, చిట్టీత మొదలగు పొదలు వచ్చును. వాని మాటున చిరుమాను వంటి వృక్షముల మొలకలు ఎండదెబ్బకు తాళుకొనును. శాస్త్రజ్ఞులు దీనిని అనుక్రమమందురు. అమరసింహుడు ఓషధులను, వనస్పతులను వేరుపరచి చెప్పెను గాని, ఏది ముందు, ఏది వెనుక అన్న లెక్క నిఘంటువుల పని కాదు. ఆ లెక్కను 1916లో అమెరికావాడగు క్లెమెంట్సు గ్రంథముగా వ్రాసి, యీ నడక యొక నిశ్చితగమ్యమునకే చేరుననెను. గ్లీసన్ అను మఱొకడు 1926లో దానిని కాదని, ఏ మొక్క దారి దానిదే యనెను. ఒకే కొండపై తేమగల లోయలో నొక అడవి, మాడుచున్న రాతివాలున మఱొక అడవి ఉండుట చూచిన, రెండవవాని మాటకే మొగ్గు కలుగును.

ఆ రాతివాలుదే రక్తచందనము. సహజముగా నది పెరుగునది తూర్పుకనుమల దక్షిణభాగమునందే. నీడను సహింపదు. అప్పడమువలె బల్లపరుపైన కాయకు చుట్టును ఱెక్క యుండుటచే గాలి దానిని మోసికొనిపోవును. విత్తు మొలచుట కష్టమే. అయినను కొట్టివేసిన మోడు మరల చిగిర్చును. కావున వేరు బ్రతికియున్నచోట అడవి రాతిపువ్వునుండి ఓనమాలు దిద్దనక్కఱలేదు.

చిక్కంతయు నిప్పుతోనే. 2014 మార్చిలో శేషాచలము తగులబడగా వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీరు చల్లవలసివచ్చెను. ఒక్కమారు కాలిన అడవి తేరుకొనగలదు. ఏటేట కాలినచో మొలక మోకాలెత్తు కాకమునుపే మాడిపోవును. వేరు ప్రతివర్షమునకు చిగిర్చి చిగిర్చి బలము కోల్పోవును. ఖాళీ యైనచోట గడ్డి దట్టమై, వేసవికి ఎండి, మరల నిప్పునకే మేతయగును. అప్పుడు అనుక్రమము మొదటి మెట్లయొద్దనే నిలిచిపోవును. పైగా పరదేశమునుండి వచ్చిన పులికంప ఆ ఖాళీని ఆక్రమించును.

ఈ కొండలలో 1989లో జాతీయవనమును, 2010లో జీవావరణ రక్షితప్రదేశమును ప్రకటించిరి. ప్రకటనతో నిప్పు ఆగదు. చుట్టకాల్చి పారవేయు చేయి ఆగవలెను. బంజరు గదా యని పొదలు కొట్టి, గుంటలు త్రవ్వి, వరుసలుగా నీలగిరి నాటుటయు మేలు కాదు. ఆ పొదల క్రిందనే పాత వేళ్ళు ఉండవచ్చును.

ఈమారు తొలకరి పడిన పిమ్మట కొండయెక్కువారు దారిప్రక్క కాలిన మోడొకదాని మొదలు వంగి చూతురు గాక. జానెడు చిగురు కనబడిన, దాని చుట్టు ఎండుగడ్డిని తొలగించి ముందునకు సాగవచ్చును.