పాత రేకులు విప్పునప్పుడు



కర్నూలు, కడప సీమలో అనేక యిండ్లకు, పశువుల కొట్టములకు సిమెంటు రేకులే కప్పు. వాటిలో చాలవాటియందు సిమెంటుతో కలిసియున్నది రాతినార, అనగా ఆస్బెస్టాసు. ఇది మనకు క్రొత్త వస్తువు కాదు. పులివెందుల ప్రాంతపు గనులలో త్రవ్వి తీసినదే.

రేకు చెక్కుచెదరక యున్నంతవరకు అపాయము స్వల్పము. పగులగొట్టినను, రంపముతో కోసినను కంటికి కానరాని నూగు లేచి ఊపిరితిత్తులలో నాటుకొనును. దానివలన కలుగు క్యాన్సరు 20, 30 ఏండ్లకు గాని బయటపడకపోవచ్చును. ఈ పరిశ్రమలోని కార్మికుల ఆరోగ్యరక్షణకై 1995లో సుప్రీంకోర్టు ఆదేశము లిచ్చినది. మన యూరి కూలివానిని కాపాడవలసినవారము మనమే.

రాతినార యున్నదో లేదో చూచి చెప్పజాలము. కనుక పాత రేకులన్నిటియందును ఉన్నట్లే ఎంచవలెను. మన సీమలో నీటి కెంత కరువైనను, రేకులను ముందుగా తడుపవలెను. వాటిపై కాలు మోపక, బోల్టులు విప్పి, పగులకుండ దింపవలెను. పిల్లలను దూరముగా నుంచవలెను. పొడిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తవలెను. ముఖమునకు చుట్టిన తువాలు ఈ నూగును ఆపజాలదు.

ముక్కలను బాటగుంతలలో పోయుట మానుదము. కాలుష్య నియంత్రణ మండలివారి నడిగి, వాటి కొక చోటు ఏర్పరచుట మన పంచాయతీల విధి.