ఉప్పుటేరు దారి తెరిచి ఉంచుదాం



2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు మునిగాయి. బుడమేరు చివరికి చేరేది మన కొల్లేరు సరస్సుకే. ఏలూరు పక్కనుంచి వచ్చే తమ్మిలేరుదీ అదే దారి. ఇన్ని ఏర్లు కలిసే సరస్సుకు సముద్రంలోకి పోయే తోవ మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అక్కడ పూడిక మేట వేస్తే నీరు వెనక్కి ఎగదన్నుతుంది, లంక గ్రామాల రోడ్లు మునుగుతాయి.

సరస్సు గర్భంలో చేపల చెరువులకు వేసిన గట్లూ వరదకు అడ్డమే. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు) వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట గట్లు కొట్టేశారు. కొన్నిచోట్ల అవి మళ్లీ లేచాయి. చెరువుల మీద బతికే కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపకుండా గట్లు మాత్రమే కొడితే ఫలితం నిలవదని నా గట్టి నమ్మకం.

ఊరివాళ్ల చేతుల్లో ఉన్న పని, కాలువల్లో నీటికి అడ్డుపడే గుర్రపుడెక్క తీయడం. నడుము లోతు నీళ్లలో దిగి, తాళ్లు వేసి, చాపలా అల్లుకున్న వేళ్లతో సహా లాగాలి. తీసింది గట్టు అంచునే వదిలేస్తే తొలి వానకే మళ్లీ కాలువలో పడుతుంది. దూరంగా మోసి ఎండబెట్టాలి, కుళ్లబెడితే ఎరువవుతుంది. కాలువలు కట్టేసే ఎండాకాలమే దీనికి అదను.

కాలువ గట్లనూ ముందే చూసుకోవాలి. తాడేపల్లిగూడెం వైపు 2024 జులైలో ఎర్రకాలువ పొంగి వరిచేలు మునిగాయి. గట్టు ఎక్కడ బలహీనమో ఆయకట్టు రైతులకు బాగా తెలుసు. సాగునీటి సంఘాలు ఆ చోట్లన్నీ రాసి, వానలకు ముందే అధికారులకు అందించాలి.